మంత్రాలయ శబ్దమున నక్షరములెన్ని? – పైథాన్ భాషా సంస్కార చరిత్రము

తుంగభద్రాతీరమున, ఆదోనికిని ఎమ్మిగనూరునకును సమీపమున వెలసిన మంత్రాలయ క్షేత్రము పేరు తెలుగువారికిఁ గ్రొత్తది కాదు. శ్రీ రాఘవేంద్రతీర్థులు 1671వ సంవత్సరమున నిచ్చటనే బృందావన ప్రవేశము చేసిరి. ‘మంత్రాలయం’ అను నీ పేరున నక్షరములెన్ని యని యడిగినచో వీథిబడి బాలుఁడు సైతము మం, త్రా, ల, యం అని వ్రేళ్లు ముడిచి నాలుగనును. వైయాకరణుఁడు వర్ణవిభాగము చేసి మ్, అ, బిందువు, త్, ర్, ఆ, ల్, అ, య్, అ, బిందువు అని పదునొకండు చెప్పును. ఇదే ప్రశ్నను పైథాన్ అను కంప్యూటరు భాషలో 2008వ సంవత్సరమునకుఁ బూర్వపు వాడుక ననుసరించి యడిగినచో సాధారణముగా 27 అని యుత్తరము వచ్చెడిది. ఆ సంవత్సరమున వెలువడిన క్రొత్త కూర్పున నడిగినచో 9 అని వచ్చును.

ఇరువదియేడు తొమ్మిదిగా మాఱుటకు లోకమునఁ బండ్రెండేండ్లు పట్టినది. ఆ పండ్రెండేండ్లలో వేలకొలఁది ప్రోగ్రాములు మరల వ్రాయఁబడినవి. కొన్ని వ్రాయువారు లేక నిలిచిపోయినవి. ఒక శాస్త్రమును సంస్కరింపఁబూనినవారు, ఆ శాస్త్రము నాశ్రయించి యంతకు ముందే యేర్పడిన ప్రయోగముల నెంతవఱకుఁ బాటింపవలయు ననునది వ్యాకరణ పండితులకుఁ జిరపరిచితమైన ప్రశ్న. ఆ ప్రశ్నయే నేఁటి కాలమున యంత్రభాషకును సంక్రమించిన తీరును, అందుఁ దెలుగు లిపికిఁ గలిగిన లాభనష్టములును ఈ వ్యాసమునకు విషయములు.

మొదట నీ సంఖ్యల మూలమును దెలియవలయును. యంత్రము అక్షరముల నెఱుఁగదు, సంఖ్యలనే యెఱుఁగును. ప్రతి లిపిచిహ్నమునకు నొక సంఖ్యను నియమించి, ఆ సంఖ్యలనే దాఁచి, చూపవలసినపుడు మరల చిహ్నముగా మార్చుట యందలి పద్ధతి. అమెరికావారు 1963లో నేర్పఱచిన ఆస్కీ పట్టికలో స్థానములు 128 మాత్రమే. ఆంగ్ల వర్ణములకును, అంకెలకును, విరామ చిహ్నములకును అవి చాలును. తెలుఁగునకుఁ దావు లేదు. భారతదేశమున ఇస్కీ యను పట్టిక 1988లోను, దాని సంస్కృతరూపము 1991లోను ప్రమాణముగా నంగీకరింపఁబడినవి. 1991లోనే సర్వలిపులకును స్థానములు గల్పింప నుద్దేశించిన యూనికోడు మొదటి కూర్పు వెలువడెను. భారతీయ లిపుల విషయమున యూనికోడువారు 1988 నాఁటి ఇస్కీ క్రమమునే చాలవఱకుఁ బాటించిరి. దాని ఫలమిది: దేవనాగరి కకారము సంఖ్య 2325, తెలుఁగు కకారము సంఖ్య 3093, కన్నడ కకారము సంఖ్య 3221. తెలుఁగునకును గన్నడమునకును గల భేదము సరిగా 128. తక్కిన సమాన వర్ణములకును అంతియే. రెండు దేశముల భక్తులును వచ్చు మంత్రాలయమున నొకే పేరును రెండు లిపులలో వ్రాసినచో, సమాన వర్ణముల నడుమ నెల్ల నూట యిరువదియెనిమిదియే యెడము. ఒకే తల్లి లిపినుండి పుట్టిన తెలుఁగు కన్నడముల సంబంధమును శాసన పరిశోధకులు చూపిన దానికి నీ యంకెలు వేఱొక సాక్ష్యము వంటివి.

ఇఁక నీ సంఖ్యలను బైట్లుగా, అనఁగా 256కు లోఁబడిన చిన్న సంఖ్యల మూటలుగా, దాఁచు పద్ధతులు పెక్కు గలవు. వానిలో నేఁడు ప్రసిద్ధమైనది 1992లో కెన్ టాంసన్, రాబ్ పైక్ అనువారు కూర్చిన యూటీఎఫ్-8. అందు ఆంగ్ల వర్ణము ఒక బైటు. తెలుఁగు చిహ్నము మూఁడు బైట్లు. ‘మంత్రాలయం’ అనుదానియందు మ, సున్న, త, పొల్లు, ర, దీర్ఘము, ల, య, సున్న అని తొమ్మిది సంకేతములు. తొమ్మిదిని మూఁట గుణింప నిరువదియేడు. పూర్వపు పైథాన్ మూటలను లెక్కించెను. నూతన పైథాన్ సంకేతములను లెక్కించును. బాలుఁడు చెప్పిన నాలుగును ఏదియుఁ జెప్పలేదు. ఆ సంగతి కడపటఁ జూడఁదగును.

పైథాన్ భాషకుఁ గర్త గైడో వాన్ రాసమ్. ఆయన హాలెండు దేశీయుఁడు. ఆంస్టర్‌డామ్ నగరములోని గణితశాస్త్ర పరిశోధనాలయమునఁ బనిచేయుచు 1989 డిసెంబరులో దీని నారంభించి, 1991 ఫిబ్రవరిలో మొదటిసారి లోకమునకు విడిచెను. పేరు వినఁగానే పండితులకు శేషావతారుఁడని ప్రతీతి గల పతంజలి స్మృతికి వచ్చుట సహజమే కాని, ఈ పేరునకు సర్పముతో సంబంధము లేదు. ఆంగ్ల హాస్యనటబృంద మొకదాని పేరునుండి యిది గ్రహింపఁబడెను. భాషయొక్క మూలగ్రంథము ఎల్లరకుఁ దెఱవఁబడియున్నది. ఎవ్వరైనఁ జదువవచ్చును, ప్రతి చేసికొనవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని బంచవచ్చును. మార్పు చేయఁగోరువాఁడు పెప్ అని పిలువఁబడు సంఖ్యాంకితమైన ప్రస్తావనపత్రమును వ్రాసి, తన పక్షమును, దాని కాక్షేపములను, సమాధానములను, త్రోసివేయఁబడిన యితర మార్గములను అందు నిలుపవలయును. పూర్వపక్ష సిద్ధాంతముల నెఱిఁగినవారికి నీ పత్రములఁ జదువుట కష్టము కాదు. సరియైన నిర్ణయము వెనుకనున్న వాదమును బాఱవేయక నిలుపుట ఈ సమాజముయొక్క గొప్ప గుణము. దీనివలననే యీ చరిత్ర యంతయు నేఁడు తారీఖులతోఁ దెలియవచ్చుచున్నది.

2000వ సంవత్సరమున వచ్చిన రెండవ ప్రధాన కూర్పునాఁటికి యూనికోడు లోకమునఁ బ్రచారము నొందుచుండెను. దానిని జేర్చుకొనవలసివచ్చినపుడు, పూర్వ ప్రోగ్రాములు చెడిపోకుండుటకై, పైథాన్‌వారు పాతదానిని ముట్టక క్రొత్తదానిని ప్రక్కన నిలిపిరి. ఉల్లేఖన చిహ్నములలో నేదైన వ్రాసినచో నది బైట్ల మాల. ముందు ‘యు’ అను ఆంగ్లాక్షరమును జేర్చినచో నది సంకేతముల మాల. రెండింటిని గలిపినచో యంత్రము బైట్ల మాలను ఆస్కీ యని తలఁచి తానే మార్చి కలుపును.

దోషమంతయు నిచ్చటనే పుట్టినది. ఆంగ్లము మాత్రమే వచ్చునంతవఱకు నీ కలయిక నిరాటంకముగ జరుగును. కర్త తన యూరనుండి పది సంవత్సరములు పరీక్షించినను దోషము కనఁబడదు. ఒకనాఁ డొక యాత్రికుఁడు తన గ్రామనామమును దెలుఁగున వ్రాయఁగనే యంత్రము నిలిచిపోవును. తెలుఁగు చిహ్నముల మూఁడు బైట్లలో మొదటిది ఎల్లపుడును 224. ఆస్కీకి నూట యిరువదియెనిమిదికిఁ బైని స్థానము లేదు. కాఁబట్టి, ‘ఈ బైటు 128కు లోఁబడినది కాదు’ అను నర్థము గల యాక్షేపము తెరపై వచ్చి, కార్య మంతటితో నాఁగును. దోషము చేసినవాఁ డొక దేశమున, అనుభవించువాఁడు వేఱొక దేశమున. తెలుఁగు, కన్నడము, తమిళము, చీనా మొదలగు లిపులవారి కిది నిత్యానుభవము. ఆంగ్లము వ్రాయువారికిఁ గర్ణాకర్ణికగా విన్న వార్త.

నిలిచిపోవుట కంటెను జెడ్డది వేఱొకటి గలదు. పేరునకుఁ బది స్థానములు మాత్రమే యిచ్చు పట్టికలో బైట్ల లెక్కను ‘మంత్రాలయం’ అను పేరును గత్తిరించినచో, మ, సున్న, త అను మూఁటికిఁ దొమ్మిది బైట్లు పోఁగా, పదవది పొల్లుయొక్క మూఁడవ వంతు. ‘మంత’ అను నర్థరహితమైన తునుకయు, దానివెనుక నే యక్షరమును గాని వికారచిహ్నమును మిగులును. యంత్ర మాక్షేపింపదు. తప్పు పట్టికలోఁ జేరి యచ్చటనే యుండును.

ఈ దోషమును సమూలముగఁ దీర్పవలయునన్నచో, బైట్ల మాల వేఱు, అక్షరముల మాల వేఱు అని భాషయందే శాసింపవలయును. రెండింటిని దనంతఁ దానుగాఁ గలుపుట మాన్పవలయును. అట్లు చేసినచో, రెండును నొకటియే యని నమ్మి వ్రాయఁబడిన ప్రోగ్రాములన్నియు విఱిగిపోవును. మధ్యమార్గము లేదు. 2006లో నారంభమైన ‘పైథాన్ 3000’ అను సంకల్పమునకుఁ బ్రధానకారణ మిదియే. దానితోఁబాటు చిరకాలముగ మనసునఁ గలఁతపెట్టుచున్న కొన్ని సవరణలను గూడఁ జేర్చిరి. ముద్రించు ఆజ్ఞకుఁ గుండలీకరణ చిహ్నములు తప్పనిసరి యయ్యెను. ఏడును రెంట భాగించినచోఁ బూర్వము 3 అని శేషమును విడిచి చెప్పెడిది. ఇఁక మూఁడున్నర యని చెప్పవలయు నని నియమించిరి. ఏవి మార్పఁబడవో తెలుపు పట్టిక కూడ నొక పత్రముగ 2006లోనే వెలువడెను. సంస్కర్త తన చేతులను దానే కట్టుకొనుట యిందు మెచ్చఁదగిన విషయము.

అయినను, అక్షరవిషయమైన మార్పునకును దక్కినవానికిని ఆవశ్యకత సమానము కాదు. ముద్రించు ఆజ్ఞకుఁ గుండలీకరణము లేకున్నను లోకమునకు వచ్చిన హాని లేదు. అట్టి చిల్లర సవరణములు పెద్ద సవరణముతోఁ గలిసి వచ్చుటచే, చదువరులకు మొదటఁ గన్పట్టినవి చిల్లరవియే. ‘దీనికై మా గ్రంథములను దిరుగ వ్రాయవలయునా?’ యను విసుగునకు నవియే మొదటి కారణములైనవి. భాగహారము సంగతి వేఱు. అది 2001 నుండియే కోరినవారికి లభించునట్లు రెండవ కూర్పులోఁ బొందుపఱుపఁబడి యుండెను గనుక సిద్ధపడుటకుఁ గాలము చిక్కినది. కాని విఱుగక నిశ్శబ్దముగ ఫలము మాఱు సవరణ మన్నింట నపాయకరము. నిలిచిపోయిన యంత్రమును జూచి మనుష్యుఁడు దిద్దుకొనును. మూఁడునకు మూఁడున్నర వచ్చుచుండఁగా నెవ్వఁడు చూచును?

శాస్త్రసంస్కారమునకుఁ బ్రాచీనులు త్రొక్కిన త్రోవలు రెండు గలవు. పాణిని తనకుఁ బూర్వులైన శాకటాయన, శాకల్య, గార్గ్యాదుల మతములను బేర్కొని వికల్పముగ నిలిపెను. తన శాస్త్రమును వారి ప్రయోగములను బహిష్కరింపలేదు. కాత్యాయనుఁడు సూత్రమున లోపమును గన్న చోట సూత్రమును దిద్దక వార్తికమును జేర్చెను. మన భాషయందును, చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ జెప్పక విడిచిన లక్షణములను బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లోఁ బ్రౌఢవ్యాకరణముగ వేఱుగ రచించెనే కాని, సూరి సూత్రములను జెఱుపలేదు. మంత్రాలయ గురువుల సంప్రదాయమును నిట్టిదే. మధ్వాచార్యుల యనువ్యాఖ్యానమునకు జయతీర్థుల న్యాయసుధ, ఆ న్యాయసుధకు రాఘవేంద్రతీర్థుల పరిమళము. మూలము చెక్కుచెదరకుండ నొకదానిపై నొకటి నిలిచినవి. ఆ క్షేత్రమునకు వచ్చినవారు బృందావన దర్శనమునకు ముందుగా గ్రామదేవతయైన మంచాలమ్మను దర్శించుట నేఁటికిని ఆచారము. మంచాల యను పాతపేరు ఆ దేవత పేరున నట్లే నిలిచియున్నది.

రెండవ త్రోవ భట్టోజిదీక్షితునిది. సూత్రపాఠమును మార్పక క్రమమును మార్చి, సిద్ధాంతకౌముదిని గూర్చెను. రూపసాధనము సులభమైనది, కాని పూర్వసూత్రమునుండి పదముల ననువృత్తిగాఁ దెచ్చుకొను సౌకర్యము క్రమముతోఁబాటు పోయినది. కౌముది చదివినవారికి నష్టాధ్యాయీక్రమము వేఱుగ నేర్వవలసివచ్చెను. వాన్ రాసమ్ మొదలగువారు చేసినది దీనికంటెను సాహసము. క్రమము మాత్రమే కాదు, కొన్నిచోట్ల సూత్రార్థమునే మార్చిరి. పాణినీయులు మొదటి త్రోవనే శ్రేష్ఠముగఁ దలఁతురు. కాని బైట్లకు నక్షరములకును గల భ్రాంతి వార్తికముతోఁ దీఱునది కాదు. 2000లోఁ జేసిన యత్నము వార్తికము వంటిదే. దానివలననే దోషము దాఁగి, పెరిగినది. కనుక నీ యొక్క విషయమున సూత్రమునే మార్చుట న్యాయము.

మార్చిన విధానము మాత్రము మొదట న్యాయముగ లేదు. మూఁడవ కూర్పు 2008 డిసెంబరు 3న వెలువడెను. అంతకు రెండు నెలల ముందు, అక్టోబరులో, 2.6 అను కూర్పును విడిచి, రాఁబోవు నియమములకు విరుద్ధమైన ప్రయోగములు గనఁబడినచో హెచ్చరించు ఉపాయమును అందుఁ జేర్చిరి. 2to3 అను మార్పుచేయు సాధనమును గూడ నిచ్చిరి. కర్త తన ప్రోగ్రామును రెండవ కూర్పు రీతినే యుంచుకొని, అవసరమైనపుడెల్ల నా సాధనముతో మూఁడవ కూర్పు రూపమును బుట్టించుకొనునని వారి యూహ.

ఆ యూహ ఫలింపలేదు. ముద్రించు ఆజ్ఞకుఁ గుండలీకరణము తగిలించుట యంత్రము చేయఁగల పని. ఉల్లేఖన చిహ్నములలోని మాల అక్షరములో, కేవలము బైట్లో తేల్చుట దానికి శక్యము కాదు. ఆ భేదము మూలగ్రంథమున వ్రాయఁబడియే యుండలేదు. వక్త మనసున మాత్రమే యుండెను. మంత్రాలయ శబ్దమునే యుదాహరణముగఁ గొందము. మంత్ర, ఆలయ అని విడఁదీసినను సవర్ణదీర్ఘమే. మంత్ర, అలయ అని లయము లేనిదను నర్థమున విడఁదీసినను సవర్ణదీర్ఘమే. సంధి చేసిన పిదప రూప మొక్కటియే. పదచ్ఛేదము చేయువాఁడు ప్రకరణమును, వక్తృతాత్పర్యమును జూడవలయును. సూత్రములు మాత్రమే నేర్చిన యంత్రమున కా తాత్పర్య మెక్కడిది? కాఁబట్టి మార్చిన ప్రతియు నొకపరి మనుష్యుఁడు చదివి దిద్దవలసివచ్చెను; మూలము మాఱినప్పుడెల్ల నీ శ్రమ మరల మొదలగును.

దీనిని జూచి ప్రోగ్రాముల కర్తలు వేఱొక యుపాయమును బన్నిరి. రెండు కూర్పులలోను సరిగ నడచునట్లు, రెండింటికిని సామాన్యమైన భాగమును మాత్రమే వాడి, యొకే ప్రతిని వ్రాయఁజొచ్చిరి. దీనికి సాయపడుటకై బెంజమిన్ పీటర్సన్ అనువాఁడు ‘సిక్స్’ అను చిన్న గ్రంథమును గూర్చెను. రెండును మూఁటను గుణింప నాఱు గదా యని యాపేరు. ఇచ్చట నొక యడ్డు వచ్చినది. రెండవ కూర్పున నక్షరముల మాలకు ముందుంచవలసిన ‘యు’ చిహ్నమును మూఁడవ కూర్పువారు అనావశ్యకమని తీసివేసి, వ్రాసినచోఁ దప్పని శాసించి యుండిరి. అక్షరములను జాగ్రత్తగ గుర్తించి వ్రాసినవారి ప్రోగ్రాములే దీనివలన విఱిగినవి. శ్రద్ధ లేనివారివి విఱుగలేదు! యూనికోడును మొదట నంగీకరించి, తెలుఁగు వంటి లిపులను సరిగ నిర్వహించినవారికే దండన కల్గినది. ఈ చిహ్నము నుంచుటవలన భాషకు నష్ట మేమియు లేదు. ఆర్మిన్ రోనాకర్ అనువాఁడు 414వ పత్రమున నీ సంగతిని వాదించెను. అది యంగీకృతమై, 2012 సెప్టెంబరున వెలువడిన 3.3 కూర్పున నా చిహ్నము మరల ననుమతింపఁబడెను. దానికి మూఁడవ కూర్పున నర్థ మేమియు లేదు. పూర్వగ్రంథముల నాదరించుటయే ప్రయోజనము. వ్యాకరణమున నర్థము లేక స్థానముచేతనే ప్రయోజనము గల యనుబంధముల నెఱిఁగినవారి కిది వింతగాఁ దోఁపదు.

అట్లే బైట్ల మాలలలో విలువల నమర్చు పూర్వపు రీతిని దీసివేసి, దూరయంత్రములతో సంభాషించు ప్రోగ్రాములు వ్రాయువారి మొఱ విని 2015 నాఁటి 3.5 కూర్పున మరల నిచ్చిరి. ఫైళ్ల పేర్ల విషయమున మాత్రము ముందే మేల్కొనిరి. పాత యంత్రములలో నేదో యొక పట్టిక ననుసరించి యుంచిన పేర్లు యూటీఎఫ్-8గఁ జదువఁబడవు. అట్టివానిని బాఱవేసినచో ఫైలే దొరకదు. 2009లోని 3.1 కూర్పున, చదువరాని బైటును ఏ యక్షరమునకును జెందని ప్రత్యేక సంకేతముగ దాఁచి, తిరిగి వ్రాయవలసినపుడు యథాతథముగ వెలికిఁదీయు నుపాయ మేర్పడెను. తాళపత్రమునఁ దనకుఁ దెలియని యక్షరమును దిద్దక, విడువక, చూచినది చూచినట్లు ప్రతి వ్రాసిన లేఖకుని పద్ధతి యిదియే. తెలిసినదని తలఁచి దిద్దిన లేఖకునికంటె వీఁడే పరిష్కర్తల కెక్కువ యుపకారము చేసినవాఁడు.

రెండవ కూర్పుల వరుసలో 2.7 చివరిదని 2011లో వేఱొక పత్రముచే ప్రకటింపఁబడెను, 2.8 ఉండదు. 2010 జూలైలో వెలువడిన యా 2.7 కూర్పునకు 2015 వఱకే సంరక్షణ మని మొదటి నిర్ణయము. 2014 నాఁటికి లోకము సిద్ధము కాలేదని తెలిసి, గడువును 2020కిఁ బొడిగించిరి. ఈలోపల నాశ్రిత ప్రోగ్రాములు నొకటొకటిగఁ గదలినవి. వెబ్ పుటలు నిర్మించువారికి ముఖ్యమైన జాంగో 2013 నాఁటి 1.5 కూర్పునఁ బరీక్షార్థము మూఁడవ పైథాన్‌ను గ్రహించి, 2017 డిసెంబరున వచ్చిన 2.0 కూర్పున రెండవదానిని విడిచెను. గణితమునకు మూలాధారమైన నంపై 2010లోనే మూఁడవదానిని జేరి, రెండవదానిని 2019 వఱకు విడువలేదు. ఇట్టి మూలప్రోగ్రాములు కదలునంతవఱకుఁ బైవారు కదలఁజాలరు. పైవారు కదలనిది మూలమువారికిఁ ద్వర లేదు. మొదటి నాలుగైదేండ్ల యాలస్యమునకు నిదియే కారణము గాని, సోమరితనము కాదు.

2020 జనవరి 1తో సంరక్షణ గడువు ముగిసెను. కడపటి కూర్పైన 2.7.18 ఆ యేప్రిల్ 20న వెలువడెను. మూలగ్రంథ మెల్లరదియుఁ గనుక నంతటితో నది నశింపలేదు. రెడ్ హాట్ సంస్థవారు తమ యెనిమిదవ ప్రధాన కూర్పును గొన్నవారి కొఱకు 2024 జూన్ వఱకు 2.7ను దిద్దుచుండిరి. పైపై యను వేఱొక నిర్మాణమువారు తమ సాధనములే రెండవ పైథాన్‌లో వ్రాయఁబడియుండుటచే దానిని 2020 తరువాతను గొనసాగించిరి. రాజు శాసించి యొక లిపిని మాన్పినట్లు ఇచ్చట నెవ్వరును మాన్పఁజాలరు. తాము దిద్దుట మానెద మని మాత్రమే చెప్పఁగలరు. బలవంతము లేనిచో నొప్పించుటయే మార్గము, ఒప్పించుటకుఁ బండ్రెండేండ్లు.

ఈ యనుభవము తరువాతి నియమములయందుఁ గనఁబడుచున్నది. ఒక ప్రయోగమును దీసివేయవలెనన్నచో ముందుగ హెచ్చరికను బ్రకటించి, కనీసము రెండు కూర్పుల కాలము వేచియుండవలయు నను విధానము 387వ పత్రమున నున్నది. 2020లోని 3.9 కూర్పున, తీసివేయ నుద్దేశించిన కొన్ని పాతపేర్లను, రెండవ పైథాన్‌ను విడుచుచున్నవారికి మఱికొంత యెడ మిచ్చుటకై మఱుసటి కూర్పు వఱకు నిలిపిరి. 2008లో నర్థము లేని ‘యు’ చిహ్నమును సైతము సహింపనివారే, 2020లో నొక సంవత్సరము కొఱకుఁ బాతపేర్ల నోర్చుకొనిరి.

తెలుఁగునకుఁ గలిగిన లాభము నిశ్చయము. మూఁడవ పైథాన్‌లో మూలగ్రంథమే యూటీఎఫ్-8 యని యూహింపఁబడును; పూర్వము కర్త వేఱుగఁ జెప్పుకొనవలసి యుండెను. విలువల పేర్లను గూడఁ దెలుఁగున నుంచుకొనవచ్చును. ‘మంత్రాలయం’ అను పేరునకు నాలుగను విలువ నిచ్చినచో యంత్ర మాక్షేపింపదు. 2012 నాఁటి 3.3 కూర్పు మొదలు తెలుఁగు మాలను లోపల ప్రతి సంకేతమునకు రెండేసి బైట్ల చొప్పున దాఁచుటచే స్థలమును గలిసివచ్చినది. ఒక్క చిక్కు మిగిలినది. పొల్లు తరువాత వత్తు పడకుండ నిలుపుటకుఁ దెలుఁగు వ్రాయువారు కంటికిఁ గనఁబడని విభాజక చిహ్న మొకదానిని వాడుదురు. అది విలువల పేర్లలోఁ జెల్లదు. కాఁబట్టి హలంతములైన యన్యదేశ్యములకుఁ దెలుఁగు విభక్తులను జేర్చి పేరుగ వ్రాసినచోఁ గారణ మగపడని తప్పు వచ్చును.

సంకేతములు వేఱు, అక్షరములు వేఱు అను భేదమును ఈ సంస్కారము తీర్పలేదు. ‘పైథాన్’ అను పేరునే తెలుఁగున వ్రాసి చూచిన నది తెలియును. అందలి ఐత్వము యూనికోడున నొకే సంకేతముగ నుండవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును అని రెండుగను నుండవచ్చును. కంటికి రెండును సమానమే. లెక్కించినచో నొకటి ఆఱు, రెండవది ఏడు. రెండును సమానమా యని యడిగినచోఁ గావని యుత్తరము. ఏకరూపత కల్పించు నుపాయము భాషలోనే కలదు గాని, పిలిచినఁగాని పలుకదు. విలువల పేర్ల విషయమున మాత్ర మా యేకీకరణము తనంతఁ దానే జరుగును. అట్లే ‘మంత్రాలయం’ అనుదానిని నాలుగు సంకేతములకుఁ గత్తిరించినచో ‘మంత్’ అని పొల్లుతో నిలుచును. బైటు విఱుగలేదు గాని యక్షరము విఱిగినది.

అక్షరమును యంత్రమునకు నేర్పు పని పైథాన్‌వారిది కాదు, యూనికోడువారిది. కంటికి నొకటిగఁ దోఁచు సంకేతసమూహమును గుర్తించు నియమములను వారు చిరకాలముగ నిచ్చుచున్నారు. కాని 2023కుఁ బూర్వము ఆ నియమములు పొల్లు తరువాత విఱిచెడివి. మం, త్, రా, ల, యం అని మంత్రాలయమున కైదు వచ్చెడివి. 2023 సెప్టెంబరున వెలువడిన 15.1 కూర్పున, దేవనాగరి, వంగ, గుజరాతీ, ఒడియా, తెలుఁగు, మలయాళ లిపులయందు సంయుక్తాక్షరమును విఱువరాదను నియమమును జేర్చిరి. దాని ననుసరించు ప్రోగ్రాములలో త్రా యొక్కటియై, వీథిబడి బాలుఁడు చెప్పిన నాలుగే వచ్చుచున్నది. పూర్వపు నియమములను బట్టి కూర్చఁబడి యింకను దిద్దఁబడని ప్రోగ్రాములలో నిప్పటికిని వచ్చునది అయిదే.